హైదరాబాద్ జూ పార్కు: వెళ్లే ముందు అందరూ అడిగే ప్రశ్నలు

ఊళ్ల నుంచి హైదరాబాద్ వచ్చే చుట్టాలు చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం తర్వాత అడిగేది జూ గురించే. పిల్లలు వెంట ఉంటే వరసలో మొదటిది అదే. అసలు పేరు నెహ్రూ జూలాజికల్ పార్కు, ఆటో ఎక్కి 'జూ పార్క్' అంటే చాలు. వెళ్లేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. ఇక్కడ ఉన్నవన్నీ ఒక్క రోజులో చూసేయాలని పరుగులు పెడితే ఏదీ సరిగా చూడకుండానే బయటికొస్తారు. కొన్నింటినే ఎంచుకుని, ఒక్కోదాని దగ్గర నిలబడి చూడండి. కింది జవాబులన్నీ ఆ ఉద్దేశంతో రాసినవే.

జూ ఎక్కడుంది? ఎలా వెళ్లాలి?

పాతబస్తీలో, బహదూర్‌పురా దగ్గర, మీర్ ఆలం చెరువును ఆనుకుని ఉంది. చార్మినార్ నుంచి మూడు నాలుగు కిలోమీటర్లే కాబట్టి రెండూ ఒకే రోజు పెట్టుకునేవాళ్లు ఎక్కువ. మెట్రోలో వచ్చేవాళ్లు ఎంజీబీఎస్‌లో దిగి సిటీ బస్సో ఆటోనో పట్టుకోవాలి. కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు నుంచి సొంత కారులో వచ్చేవాళ్లకు ఊళ్లోకి దూరే పనే లేదు, శంషాబాద్ దాటి ఆరాంఘర్ చౌరస్తా దగ్గర బహదూర్‌పురా వైపు తిరిగితే సరి. 2025 జనవరిలో ఆరాంఘర్ నుంచి జూ పార్కు దాకా పొడవాటి ఫ్లైఓవర్ తెరిచాక ఈ దారిలో ట్రాఫిక్ టెన్షన్ చాలా తగ్గింది. జూకే వెళ్తున్నారు కాబట్టి పైకి ఎక్కాలా, కింది రోడ్డులోనే పోవాలా అన్నది మాత్రం ముందే చూసుకోండి.

ఏ రోజు సెలవు?

సోమవారం. ఈ ఒక్క సంగతి తెలియక గేటు దాకా వచ్చి వెనక్కి పోయే కుటుంబాలు ఎన్నో. మిగతా రోజుల్లో ఉదయం ఎనిమిదిన్నరకు తెరుస్తారు, సాయంత్రం ఐదుకు మూస్తారు. టికెట్ల కౌంటరు అంతకంటే ముందే మూసేస్తారు కాబట్టి మధ్యాహ్నం మూడు దాటాక బయల్దేరడం దండగ.

ఏ నెలల్లో వెళ్తే బాగుంటుంది?

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. చలికి జంతువులు ఎండలోకి వచ్చి కూర్చుంటాయి, మనకూ నడవడానికి హాయి. వానాకాలంలో జూ పచ్చగా భలే ఉంటుంది కానీ, గట్టి వానలు పడి మీర్ ఆలం చెరువు పొంగితే నీళ్లు సఫారీ వైపు వచ్చేస్తాయి. అలాంటప్పుడు సఫారీ మూసేస్తారు.

ఏప్రిల్, మే నెలల్లో సెలవులని పిల్లల్ని తీసుకొస్తారు. వద్దనను. అయితే ఎనిమిదిన్నరకల్లా గేటు దగ్గరుండి పదకొండుకల్లా ముగించండి. ఎండాకాలంలో చూడాల్సిన సంగతులు వేరే ఉన్నాయి. ఆవరణల మీద తడకలు కడతారు, స్ప్రింక్లర్లు తిప్పుతారు, ఎలుగుబంట్లకూ కోతులకూ పుచ్చకాయలు పెడతారు. ఎలుగుబంటి పుచ్చకాయను ముందు కాళ్ల మధ్య పట్టుకుని, పొడవాటి గోళ్లతో చీల్చి, లోపలి ఎర్రటి గుజ్జును జుర్రుకుంటుంటే పిల్లలు అక్కణ్నుంచి కదలరు.

వారంలో మంగళ, బుధ, గురువారాలు మేలు. ఆదివారాలు, జనవరి ఒకటి, సంక్రాంతి సెలవులు, రంజాన్, బక్రీద్ పండగల తర్వాతి రోజులు జనంతో కిటకిటలాడతాయి. ఆ సందడి కూడా చూడముచ్చటగానే ఉంటుంది, కొత్త బట్టలు వేసుకుని పాతబస్తీ అంతా అక్కడే ఉన్నట్టుంటుంది. జంతువులను చూడాలన్నదే ఉద్దేశమైతే మాత్రం ఆ రోజులు వద్దు.

టికెట్టు ఎంత?

రేట్లు మారుతుంటాయి కాబట్టి అంకెలు రాయడం లేదు. ఆన్‌లైన్‌లోనూ, గేటు దగ్గర బోర్డు మీదా ఉంటాయి. లెక్క ఎలా వేసుకోవాలో చెబుతాను. ప్రవేశానికి ఒక టికెట్టు. సఫారీ బస్సుకు, టాయ్ ట్రైనుకు, బ్యాటరీ బండికి, కెమెరాకు వేటికవే విడిగా. నలుగురున్న ఇంటికి ఇవన్నీ కలిపితే ప్రవేశ టికెట్టు కంటే పైన పెట్టేదే ఎక్కువవుతుంది. పిల్లలకు టాయ్ ట్రైను ఒకటి, అందరికీ సఫారీ ఒకటి తీసుకుని మిగతాది నడిస్తే డబ్బుకు తగ్గ రోజు గడుస్తుంది.

ఎంత నడవాలి? అమ్మానాన్నలు పెద్దవాళ్లు, తిరగగలరా?

జూ 380 ఎకరాలు. అన్నీ తిరగాలంటే కుర్రవాళ్లకే కాళ్లు పీకుతాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు బ్యాటరీ బండి తప్పనిసరిగా తీసుకోండి. అది గబగబా తిప్పి దించేస్తుందన్న ఫిర్యాదు నిజమే. అందుకే పెద్దవాళ్లను అంతా తిప్పాలని చూడకుండా, నీడ, బెంచీ ఉన్న ఒకటి రెండు చోట్ల తీరిగ్గా కూర్చోబెట్టండి. నా మట్టుకు నాకు అలా కూర్చోబెట్టడానికి నీటిగుర్రాల మడుగును మించిన చోటు లేదు. మొదట బురద నీళ్లు తప్ప ఏమీ కనిపించవు. కాసేపటికి ఒక చోట నీళ్లు కదిలి రెండు ముక్కుపుటాలు తేలతాయి, బుస్సుమని గాలి వదులుతాయి, ఆ వెనకే కళ్లు, చెవులు. పైకి రాగానే ఆ చిన్న చెవులను గిరగిరా తిప్పి నీళ్లు విదిలించుకుంటుంది. కళ్లు, చెవులు, ముక్కు మూడూ తల పైభాగాన ఒకే మట్టంలో ఉండటంతో ఒళ్లంతా నీళ్లలో దాచుకుని లోకాన్ని గమనించగలదు. ఎండకు చర్మం మీద ఎర్రటి జిగురు కనిపిస్తే రక్తమని కంగారు పడకండి. చర్మం కాలకుండా దాని ఒళ్లే ఊరించుకునే ద్రవం అది.

ఈ జూ ఎప్పటిది?

జూ పెట్టాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది 1959 అక్టోబరు 26న. జనానికి తెరిచింది 1963 అక్టోబరు 6న. దాని మూలం ఇంకా వెనక్కి పోతుంది. నాంపల్లిలో ఇప్పుడు పబ్లిక్ గార్డెన్స్ అంటున్న బాగ్-ఎ-ఆమ్‌లో నిజాంల కాలం నుంచే జంతువులు ఉండేవి. ఊరు పెరిగి, ఆ తోట ఇరుకై, అక్కడి జంతువులను ఇక్కడికి మార్చారు.

అలా 1963లో బాగ్-ఎ-ఆమ్ నుంచి వచ్చిన గాలపాగోస్ రాక్షస తాబేలు ఒకటి 2024 మార్చిదాకా బతికే ఉంది. వయసు 125 ఏళ్లని జూ వాళ్లు చెప్పారు. ఆరో నిజాం కాలంలో పుట్టి, రజాకార్ల రోజులు, పోలీసు చర్య, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అన్నీ దాటుకుని వచ్చిందన్నమాట. తాతయ్య, నాన్న, మనవడు ముగ్గురూ చిన్నప్పుడు చూసిన ఒకే జంతువు. ఇలాంటి సంగతి జూ గేటు దగ్గరే పెద్దక్షరాల్లో రాసి పెట్టాలని నా కోరిక.

ఏనుగుల విషయంలోనూ ఈ జూ ఊరి బతుకుతో ముడిపడి ఉంది. లాల్ దర్వాజా, అక్కన్న మాదన్న గుడి బోనాల రోజుల్లో పాతబస్తీలో సాగే ఘటాల ఊరేగింపు చూసినవాళ్లకూ, మొహర్రంలో బీబీ కా అలం అనే పవిత్ర పతాకం ఊరేగింపు చూసినవాళ్లకూ రజని పేరు తెలిసే ఉంటుంది. అటు ఘటాన్నీ, ఇటు అలంనూ మోసిన రజని ఈ జూ ఏనుగే. తర్వాత జూ ఏనుగులను ఊరేగింపులకు పంపడం మీద అభ్యంతరాలు వచ్చాయి. గుంపు, డప్పులు, తారు రోడ్డు వేడి, వీటి మధ్య ఏనుగును గంటల తరబడి నడిపించడం మంచిది కాదన్న వైపే నేనూ ఉన్నాను.

ఇనుప బోన్లు ఎందుకు తక్కువ? పులి దూకితే?

మొదటి నుంచీ ఈ జూ గీసుకున్న పద్ధతి కందకాలది. జంతువుకూ మనకూ మధ్య లోతైన గోయి, కొన్నిచోట్ల నీళ్లు, అవతల మట్టి, చెట్లు, బండలు. కందకం వెడల్పు, లోతు ఆ జంతువు ఎంత దూకగలదో చూసి కడతారు. అరవై ఏళ్ల కిందట మన దేశంలో ఇలా ఆలోచించిన జూలు తక్కువ.

ప్రమాదం జంతువు వైపు నుంచి కంటే మన వైపు నుంచే వచ్చింది. 2016లో తాగిన మత్తులో ఒకతను సింహాల కందకంలోకి దిగాడు. 2021 నవంబరులో ఇంకొకతను ఆఫ్రికా సింహం ఆవరణ అంచున బండ మీదికెక్కి కూర్చున్నాడు, కింద సింహం పైకే చూస్తోంది. రెండుసార్లూ జూ సిబ్బందే ప్రాణాలకు తెగించి బయటికి లాగారు. సెల్ఫీ కోసం పిల్లల్ని గోడ మీద కూర్చోబెట్టే తండ్రులు ఈ రెండూ గుర్తుపెట్టుకోవాలి.

సఫారీ తప్పకుండా చూడాలా?

చూడొచ్చు. 1974లో మొదలైన ఇక్కడి సింహాల సఫారీ దేశంలోనే మొదటిదని పేరు. జాలీలు బిగించిన బస్సులో సింహాలు, పులులు, ఎలుగుబంట్లు, అడవిదున్నలు ఉండే చోట్ల తిప్పుతారు. అదృష్టం బాగుంటే బస్సు పక్కనే కనిపిస్తాయి, లేకపోతే దూరంగా చెట్టు కింద తోక మాత్రమే. మధ్యాహ్నం కొంతసేపు ఆపుతారు కాబట్టి లోపలికి రాగానే టికెట్టు తీసుకోండి. బస్సులో కిటికీ సీటు కోసం జరిగే తోపులాటలో చిన్నపిల్లలు నలిగిపోతారు, ఇంకో బస్సుకు ఆగితే నష్టమేమీ లేదు.

జనం పెద్దగా పట్టించుకోనిది, తప్పకుండా చూడాల్సింది ఏది?

నిశాచర జంతువుల ఇల్లు. 1982లో కట్టారు, ఇలాంటిది మన దేశంలో ఇదే మొదటిది. ఇందులో పగలును రాత్రిగా, రాత్రిని పగలుగా మార్చేశారు. మనం వెళ్లే వేళకు లోపల వెన్నెలంత మసక వెలుతురు మాత్రమే ఉంటుంది. అదే రాత్రి అనుకుని దేవాంగ పిల్లులు, పునుగు పిల్లులు, గుడ్లగూబలు, పెద్ద గబ్బిలాలు లేచి తిరుగుతుంటాయి. జూ మూశాక దీపాలు వెలిగిస్తారు, అవి పడుకుంటాయి.

జనం చేసే పొరపాటు ఏమిటంటే, బయటి ఎండలోంచి సరాసరి లోపలికి వచ్చి, ఏమీ కనపడక, 'ఖాళీగా ఉంది పద' అని అటునుంచి బయటికి వెళ్లిపోతారు. కళ్లు చీకటికి అలవాటు పడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. లోపలికి రాగానే గోడవారగా నిలబడి ఐదు నిమిషాలు ఊరుకోండి. ఫోను జేబులో పెట్టేయండి, ఆ తెరవెలుతురు పడితే మళ్లీ మొదటికొస్తుంది. అప్పుడు ఒక్కొక్కటే కొమ్మలు, ఆకులు, వాటి మధ్య రెండు గుండ్రటి కళ్లు తేలతాయి.

ఆ కళ్లు దేవాంగ పిల్లివి. పేరుకే పిల్లి, నిజానికి కోతుల బంధువు. పావు కిలో తూగుతుందేమో. పుల్లల్లాంటి సన్నటి కాళ్లూ చేతులతో, కొమ్మను ఒక్కో వేలితో పట్టుకుంటూ, ఏ మాత్రం చప్పుడు లేకుండా కదులుతుంది. పురుగు దగ్గరికొచ్చేదాకా అంతే నిదానం, ఆ తర్వాత రెండు చేతులూ ఒక్కసారిగా చాపి పట్టేస్తుంది. ఇది మన తూర్పు కనుమల అడవుల్లోదే. క్షుద్రపూజలకు పనికొస్తుందన్న మూఢనమ్మకంతో దీన్ని పట్టి అమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పిల్లలకు ఇక్కడ చూపించి, ఆ సంగతి కూడా చెప్పండి.

తెల్లపులి ఎక్కడుంది?

గుంపు ఎక్కడుంటే అక్కడ. చూడండి, అందంగా ఉంటుంది. తెల్లపులి వేరే జాతి కాదన్న సంగతి కూడా పిల్లలకు తెలియాలి. మన బెంగాల్ పులే, ఒంటి రంగును నిర్ణయించే జన్యువులో వచ్చిన మార్పు వల్ల అలా పుడుతుంది. జూలలో ఇప్పుడున్న తెల్లపులులకు మూలపురుషుడు 1951లో రీవా మహారాజు అడవిలో పట్టించిన మోహన్ అనే పులికూన. ఆ రంగు పోకుండా ఉండటానికి దగ్గరి రక్తసంబంధంలోనే జత కడుతూ వచ్చారు. దానివల్ల మెల్లకన్ను లాంటి లోపాలు వాటిలో ఎక్కువ. అడవిని కాపాడే పనిలో తెల్లపులి వల్ల ఒరిగేదేమీ లేదు. అందుకే పక్కనున్న మామూలు పులి దగ్గర ఇంకాస్త సేపు నిలబడమని నా మనవి. దాని చారలు మన వేలిముద్రల్లాగే ఏ రెండింటికీ కలవవు. నల్లమలలో కెమెరాలు పెట్టి పులుల్ని లెక్కపెట్టేది ఆ చారలు చూసే.

సింహాల్లో రెండు రకాలున్నాయంటారు, తేడా ఎలా తెలుస్తుంది?

గుజరాత్ గిర్ అడవి, దాని చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేనిది ఆసియా సింహం. మగదాని జూలు పలచన, అందులోంచి చెవులు బయటికి కనిపిస్తాయి. పొట్ట కింద పొడవునా ఒక చర్మం మడత వేలాడుతుంది. ఆఫ్రికా సింహానికి జూలు దట్టం, చెవులు అందులో మునిగిపోతాయి. పిల్లలతో ఇదొక ఆటగా పెట్టండి.

చీతా ఉందా?

ఇప్పుడు లేదు. 2012లో హైదరాబాద్‌లో జరిగిన జీవవైవిధ్య సదస్సుకు వచ్చిన సౌదీ యువరాజు ఒక జంటను బహూకరించారు. ఆడది హీబా 2020లో, మగది అబ్దుల్లా 2023 మార్చిలో చనిపోయాయి. చిరుతపులులు ఉన్నాయి. చీతాకు ఒంటి మీద నిండు చుక్కలు, కంటి మూల నుంచి నోటి దాకా నల్లటి గీత ఉంటాయి. చిరుతకు చుక్కలు పువ్వుల్లా గుత్తులుగా ఉంటాయి.

పోయినప్పుడల్లా జంతువులన్నీ నిద్రపోతుంటాయి. ఎందుకు?

వెళ్లే వేళ అలాంటిది. సింహం రోజులో పదహారు, పద్దెనిమిది గంటలు పడుకునే ఉంటుంది, అడవిలోనైనా అంతే. అది సోమరితనం కాదు, వేటకు బలం దాచుకోవడం. మనం భోంచేసి ఒంటిగంటకు వెళ్తే దానికి అది నడిరాత్రి లాంటిది. గేటు తీయగానే వెళ్లండి, లేదా ఎండ వాలాక నాలుగు ప్రాంతంలో మళ్లీ ఆ వైపు రండి. మాంసం తినే జంతువులకు వారంలో ఒక రోజు ఉపవాసం పెట్టడం కూడా మన జూలలో ఆనవాయితీ. అడవిలో రోజూ వేట దొరకదు కాబట్టి వాటి కడుపు అలవాటుపడినదీ అలాగే.

ఒక్కటి మాత్రం దయచేసి వద్దు. లేపడానికి అరవడం, ఈలలు, చప్పట్లు, రాళ్లు. పడుకున్న పులి వంద అరుపులకూ కన్ను తెరవదు, చెవి మాత్రం ప్రతి అరుపుకూ అదురుతూనే ఉంటుంది. కాస్త దగ్గరగా గమనిస్తే మీకే కనపడుతుంది. రోజంతా దానికి విశ్రాంతి లేదని ఆ చెవి చెబుతుంది.

పులి ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతోంది. జబ్బు చేసిందా?

జబ్బు కాదు కానీ మంచి లక్షణమూ కాదు. చేయడానికి పని లేనప్పుడు, లేదా ఒత్తిడిలో ఉన్నప్పుడు పెద్ద జంతువులు ఒకే కదలికను మళ్లీ మళ్లీ చేస్తాయి. తిండి వేళ దగ్గరపడినప్పుడు కీపరు వచ్చే తలుపు వైపు తిరుగుతుంటే మాత్రం అది ఎదురుచూపు, కంగారు పడక్కర్లేదు. ఆవరణలో దుంగలు, నీటి తొట్లు, ఎక్కడానికి అరుగులు, వెతుక్కుని తినేలా దాచిన తిండి ఉంటే ఈ తిరుగుడు తగ్గుతుంది. ఏ జూకు వెళ్లినా నేను ముందు చూసేది అవే. ఆవరణ ఎంత పెద్దదన్నది కాదు, అందులో జంతువుకు చేయడానికేముందన్నది అసలు సంగతి.

జంతువులకు తిండి పెట్టొచ్చా?

పెట్టకూడదు. ఇది జూ పెట్టుకున్న రూలు మాత్రమే కాదు, దేశ చట్టం. 1972 వన్యప్రాణుల రక్షణ చట్టంలోని 38జె సెక్షను ప్రకారం జూలో జంతువులను ఆటపట్టించడం, గాయపరచడం, తిండి పెట్టడం, చప్పుడు చేసి ఇబ్బంది పెట్టడం, చెత్త వేయడం అన్నీ నేరాలే. జైలు, జరిమానా రెండూ ఉన్నాయి.

'అరటిపండేగా, ఏమవుతుంది' అంటారు. వేలమంది తలా ఒక అరటిపండు అనుకుంటే ఏమవుతుందో లెక్క వేయండి. చిప్స్ ఉప్పు, బిస్కెట్ల చక్కెర కోతుల పళ్లనూ కడుపునూ పాడుచేస్తాయి. తిండి వాసన అంటుకున్న ప్లాస్టిక్ కవరును దుప్పి మింగితే అది కడుపులో ఉండచుట్టుకుని, మేత దిగక, వారాల తరబడి చిక్కి చనిపోతుంది. గేటు దగ్గర ప్లాస్టిక్ ఆపుతున్నారని విసుక్కునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. ఇంటి నుంచి పులిహోరో చపాతీలో తెచ్చుకుంటే స్టీలు డబ్బాల్లో తెచ్చుకోండి, నీళ్లకు కూడా స్టీలు సీసా మేలు.

అసలు జంతువులను ఇలా బంధించడం తప్పు కాదా?

ఈ ప్రశ్న ఎక్కువగా పిల్లలే అడుగుతారు, అడగాలి కూడా. దాటేయకండి.

వినోదం కోసమే బంధిస్తే తప్పే. ఒకప్పటి జూలు చాలావరకు అంతే. 1992లో కేంద్ర జూ అథారిటీ వచ్చాక అనుమతి లేకుండా జూ నడపడం కుదరదు, ఆవరణ ఎలా ఉండాలి, డాక్టరు ఉండాలా అన్నవి దాని లెక్క ప్రకారమే. ఇప్పుడు ఏ జూనైనా ఒకే ప్రశ్న అడగాలి: అడవికి నువ్వు తిరిగి ఏమిస్తున్నావు? హైదరాబాద్ జూ దగ్గర దీనికి చెప్పుకోదగ్గ జవాబు ఉంది.

మూషిక జింక సంగతి చూడండి. మన దేశంలో గిట్టలున్న జంతువుల్లో అతి చిన్నది. నిలబడితే అడుగు ఎత్తు, బరువు సుమారు మూడు కిలోలే. కొమ్ములుండవు, మగవాటికి పైదవడ నుంచి చిన్న కోరలు కిందికి వస్తాయి. ఒంటి మీద తెల్లటి చుక్కలు, చారలు. ఆకులు రాలిన నేల మీద కదలకుండా నిలబడితే పక్కన ఉన్నా కనపడదు. నల్లమలలో ఇది కరువైపోతుంటే, హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అంతరించిపోతున్న జీవుల కోసం నడిపే లాకోన్స్ ప్రయోగశాలతో కలిసి ఈ జూలో కొన్నింటితో మొదలుపెట్టి సంతానాన్ని పెంచారు. అలా పుట్టినవాటిని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో మెల్లగా అడవికి అలవాటు చేసి వదిలారు. జూలో పుట్టింది నల్లమలలో తిరుగుతోంది. నా దృష్టిలో ఈ జూ చేసిన అన్ని పనుల్లోకీ గొప్పది ఇదే.

రాబందులదీ ఇలాంటి కథే. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు, ఆ కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసింది. 1990ల నుంచి కొద్దికాలంలోనే దేశంలో నూటికి తొంభైకి పైగా పోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. రాబందుల్ని కాపాడి పెంచడానికి కేంద్రం ఎంచుకున్న జూలలో హైదరాబాద్ ఒకటి. తెలంగాణలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద 2013లో రాబందుల గూళ్లు కనపడినప్పుడు ఎందుకంత సంబరపడ్డారో ఈ కథ తెలిస్తే అర్థమవుతుంది.

ఇవన్నీ చెప్పాక కూడా, ఒంటరిగా మిగిలిన జంతువును చూస్తే మనసు చివుక్కుమంటుంది. అలా అనిపించడం సరైనదే, పిల్లలకు అలా అనిపిస్తే కాదనకండి.

జలుబు, దగ్గు ఉంటే వెళ్లొచ్చా?

ఇంకో రోజు వెళ్లండి. 2021 మేలో ఈ జూలోని ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా సోకినట్టు సీసీఎంబీ పరీక్షల్లో తేలింది, మన దేశంలో జంతువులకు సోకడం అదే మొదటిసారి. ఆ సింహాలు కోలుకున్నాయి. మన రోగాలు వాటికి అంటుతాయని మాత్రం అప్పుడు అందరికీ తెలిసింది. చింపాంజీలు, కోతులకైతే మన జలుబు కూడా అంటుతుంది.

చిన్నపిల్లలతో వెళ్తే ఏవి చూపించాలి?

ఐదేళ్ల లోపు పిల్లలకు పులి కంటే కదిలేది ఏదైనా ఎక్కువ నచ్చుతుంది. కోతులు, ముళ్లపంది, గూడబాతులు, రామచిలుకలు, సీతాకోకచిలుకల తోట, ఆ తర్వాత టాయ్ ట్రైను. డైనోసార్ బొమ్మలున్న చోటు దగ్గర అరగంట సులువుగా పోతుంది. కాస్త పెద్ద పిల్లలకు ఒక చిన్న పుస్తకం, పెన్సిలు ఇవ్వండి, ప్రతి బోర్డు మీదా ఆ జంతువు తెలుగు పేరు వెతికి రాసుకోమనండి. కణుజు, దుప్పి, కృష్ణజింక, రేచుకుక్క, దుమ్ములగొండి అన్న పేర్లు బడి పుస్తకాల్లో కంటే ఇక్కడ, ఎదురుగా చూస్తూ, బాగా గుర్తుంటాయి.

గేటు దగ్గరే పిల్లల జేబులో మీ ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే ఏ ఆవరణ దగ్గర కలుసుకోవాలో కూడా ముందే చెప్పండి.

ఫొటోలు తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, ఫ్లాష్ వద్దు. నిశాచర జంతువుల ఇంట్లో అసలు ఫోనే తీయొద్దు.

మీర్ ఆలం చెరువు కూడా చూడొచ్చా?

తప్పకుండా చూడండి. మూడో నిజాం సికందర్ జా దివాన్ మీర్ ఆలం పేరు మీద 1804 తర్వాత రెండు మూడేళ్లలో కట్టిన కట్ట ఇది. మామూలు చెరువుకట్టలా తిన్నగా ఉండదు. అర్ధచంద్రాకారపు 21 కమాన్లు పక్కపక్కన పేర్చినట్టుగా ఉంటుంది, ఉబ్బెత్తు నీళ్ల వైపు. నీళ్ల బరువు మొత్తం ఆ కమాన్ల మీదుగా మధ్యనున్న స్తంభాలకు చేరుతుంది. సున్నం, రాయితో కట్టి రెండు వందల ఏళ్లు దాటినా నిలబడే ఉంది. ఉస్మాన్‌సాగర్ రాకముందు నగరం తాగింది ఈ నీళ్లే.

జంతువును దత్తత తీసుకోవచ్చంటారు, అంటే ఇంటికి తెచ్చుకోవచ్చా?

లేదు, జంతువు జూలోనే ఉంటుంది. దాని తిండీతిప్పలకయ్యే ఖర్చు కొంతకాలం మీరు భరిస్తారు. పులి, ఏనుగు ఖర్చు ఎక్కువ, చిన్న పక్షులకు తక్కువ. పుట్టినరోజు కేకుకయ్యే డబ్బుతో చిన్న జంతువును దత్తత తీసుకునే కుటుంబాలు ఉన్నాయి. వివరాలు జూ ఆఫీసులో చెబుతారు.

విశాఖ, తిరుపతి జూలు చూసినవాళ్లం, ఇది కూడా చూడాలా?

విశాఖ ఇందిరాగాంధీ జూ 1977లో తెరిచారు. కొండల మధ్య, సముద్రం పక్కన, అందంలో దానికి సాటి లేదు. తిరుపతి శ్రీవేంకటేశ్వర జూ శేషాచలం పాదాల దగ్గర వేల ఎకరాల్లో ఉంది, జంతువుకు దొరికే జాగాలో అదే మేలు. హైదరాబాద్ జూ ప్రత్యేకత దాని చరిత్ర, నిశాచర జంతువుల ఇల్లు, మూషిక జింకల పని. ఈ మూడింటి కోసం రావచ్చు.

మాకు ఒక్క పూటే ఉంది. ఏ వరసలో చూడాలి?

ఎనిమిదిన్నరకు లోపలికి. ముందు పులులు, సింహాలు, అప్పుడే లేచి తిరుగుతుంటాయి. పదింటికి సఫారీ. ఎండ ముదిరాక నిశాచర జంతువుల ఇల్లు, చల్లగా ఉంటుంది, కళ్లకు టైమివ్వండి. ఆ తర్వాత చెట్ల కింద కూర్చుని తెచ్చుకున్నది తినండి. ఓపిక ఉంటే నీటిగుర్రాలు, మొసళ్లు. ఘరియల్ మొసలి మగదైతే పొడవాటి మూతి చివర కుండలాంటి బుడిపె ఉంటుంది, అది ఉందో లేదో చూడమని పిల్లలకు చెప్పండి. రెండింటికల్లా బయటపడితే చార్మినార్ దగ్గర చాయ్ తాగడానికి ఇంకా బోలెడు పొద్దుంటుంది.